నలభై దాటాక కుంచె పడితే

1934లో ఇంగ్లండ్ ఈశాన్య మూలన, ఆషింగ్టన్ అనే బొగ్గుగనుల ఊళ్లో కొందరు కార్మికులు సాయంత్రపు క్లాసు ఒకటి పెట్టించుకున్నారు. షిఫ్టు దిగి, మసి కడుక్కుని, ఏదో ఒకటి నేర్చుకోవడానికి కూర్చోవడం వాళ్లకు కొత్త కాదు. వర్కర్స్ ఎడ్యుకేషనల్ అసోసియేషన్ నడిపే తరగతుల్లో అంతకుముందు జీవపరిణామం గురించి చదువుకున్నారు. ఈసారి చిత్రకళ గురించి తెలుసుకుందామనుకున్నారు. బొమ్మలు వేయాలన్న ఆలోచన వాళ్లకు లేదు. గొప్ప చిత్రం అని జనం దేన్ని అంటారో, అందులో ఏముందో అర్థమైతే చాలనుకున్నారు.

న్యూకాజిల్ కాలేజీలో చిత్రకళ చెప్పే రాబర్ట్ లయన్ మాస్టారుగా వచ్చాడు. ఇటలీ పునరుజ్జీవన కాలపు చిత్రాలను స్లైడ్లలో చూపిస్తూ పాఠం మొదలుపెట్టాడు. అది వినేవాళ్లకు పట్టలేదు. ఆ దేవదూతలకూ తమ బతుకులకూ లంకె ఎక్కడుందో తెలియలేదు. లయన్ గొప్పతనం ఏమిటంటే, ఆ లోపాన్ని వినేవాళ్ల మీదకు నెట్టలేదు. స్లైడ్లు పక్కన పెట్టి, లినోలియం ముక్కలూ చెక్కే పనిముట్లూ వాళ్ల చేతికిచ్చాడు. ఆ తర్వాత రంగులిచ్చాడు. బొమ్మ సంగతి తెలియాలంటే స్వయంగా ఒకటి వేసి చూడటమే దారి అని తేల్చుకున్నాడు.

వారానికో అంశం ఇచ్చేవాడు. ఇంటి దగ్గర వేసుకుని రావాలి. తెచ్చిన బొమ్మలన్నీ వరసగా పెట్టి అందరూ కలిసి మాట్లాడుకోవాలి. క్లాసంటే అంతే. కాన్వాసులు కొనే స్తోమత లేక అట్టల మీద, ప్లైవుడ్ మీద, ఇంటి గోడలకు వేసే పెయింటుతో కూడా వేశారు. మొదట్లో ఊహల్లోంచి ఏవేవో వేసినా, తమకు బాగా తెలిసినవే బాగా కుదురుతున్నాయని త్వరలోనే గ్రహించారు. జిమ్మీ ఫ్లాయిడ్ పెరట్లోని పావురాల గూళ్లు వేశాడు. జార్జ్ బ్లెస్డ్ గనివాళ్లు ముచ్చటగా పెంచుకునే విప్పెట్ జాతి పందెం కుక్కల్ని వేశాడు. ఆలివర్ కిల్‌బర్న్ భూమి లోపల ఇరుకులో ఒళ్లు వంచి బొగ్గు తవ్వే మనుషుల్ని ఏళ్ల తరబడి వేస్తూనే వచ్చాడు. 1936లో న్యూకాజిల్‌లోని హాటన్ గ్యాలరీలో వాళ్ల మొదటి ప్రదర్శన జరిగింది. పేరొచ్చింది కదా అని గని వదిలి చిత్రకారులైపోలేదు. మర్నాడు మళ్లీ షిఫ్టుకెళ్లారు. ఆ బొమ్మలు ఇవాళ ఆషింగ్టన్ పక్కనే ఉన్న వుడ్‌హార్న్ మ్యూజియంలో ఉన్నాయి. పాత గని ఆవరణలోనే ఆ మ్యూజియం వెలిసింది.

ఈ అధ్యాయానికి ఆ గనివాళ్లతో పని ఉంది. నలభై, యాభై, అరవై ఏళ్లు వచ్చాక బొమ్మలు నేర్చుకోవాలనిపించిన మనిషి మొట్టమొదట వేసుకునే ప్రశ్న "నాకొస్తుందా?" అని. ఆషింగ్టన్ వాళ్లను చూస్తే అసలు అడగాల్సింది మరొకటని తెలుస్తుంది: ప్రతి వారమూ ఏదో ఒకటి వేయించే చోటు, వేసినదాన్ని కూర్చుని చూసే నలుగురు మనుషులు ఎక్కడ దొరుకుతారు? ఆ రెండూ దొరికితే రావడమన్నది దానంతటదే జరుగుతుంది. దొరకకపోతే ఎంత ఖరీదైన కుంచె కొన్నా అది అటక మీదికే చేరుతుంది.

చూడటానికీ వేయడానికీ ఉన్న తేడాను లయన్ అనుభవంతో పసిగట్టాడు. చాలా కాలం తర్వాత దాన్ని కొలిచి చూసినవాళ్లూ ఉన్నారు. 2014లో ప్రచురితమైన ఒక జర్మన్ అధ్యయనంలో ఉద్యోగ విరమణ చేసిన 28 మందిని తీసుకుని రెండు జట్లు చేశారు. పది వారాల పాటు ఒక జట్టు క్లాసులో స్వయంగా బొమ్మలు వేసింది. రెండో జట్టు మ్యూజియంలో చిత్రాలు చూస్తూ వాటిని విశ్లేషించింది. ముందూ తర్వాతా మెదడు స్కాన్లు తీశారు. వేసినవాళ్లలో మెదడు భాగాల మధ్య అనుసంధానం మెరుగైంది, ఒత్తిడిని తట్టుకునే నిబ్బరంతో దానికి సంబంధం కనిపించింది. చూసి మాట్లాడినవాళ్లలో ఆ మార్పు రాలేదు. 28 మంది అంటే చిన్న సంఖ్యే కాబట్టి దీని మీద మేడలు కట్టనక్కర్లేదు. కానీ ఫలితం చూపించే దిక్కు మాత్రం స్పష్టం. అమెరికాలో డ్రెక్సెల్ విశ్వవిద్యాలయానికి చెందిన గిరిజ కైమల్ బృందం 2016లో మరో ప్రయోగం ప్రచురించింది. 39 మంది పెద్దవాళ్లను 45 నిమిషాలు స్కెచ్ పెన్నులు, మట్టి, కాగితపు ముక్కలతో ఇష్టమొచ్చినది చేసుకోనిచ్చి, లాలాజలంలో ఒత్తిడి హార్మోనైన కార్టిసాల్‌ను కొలిచారు. నాలుగింట మూడొంతుల మందిలో అది తగ్గింది. ముందునుంచీ అలవాటున్నవాళ్లకూ ఎప్పుడూ గీత గీయనివాళ్లకూ పెద్ద తేడా లేదు. అంటే ఆ మేలు పొందడానికి బొమ్మ బాగా రావాల్సిన పని కూడా లేదు.

ఇక "నా చెయ్యి తిరగదు" అనే మాట. సంతకం పెట్టగలిగిన చెయ్యి, సూదిలో దారం ఎక్కించగలిగిన చెయ్యి బొమ్మకు సరిపోతుంది. తెలుగిళ్లలో ఈ మాట ఎక్కువగా అనేది ఆడవాళ్లే. కానీ రోజూ తెల్లవారుజామునే వాకిట్లో చుక్కలు పెట్టి, పెట్టిన చెయ్యి ఎత్తకుండా మెలికల ముగ్గు తిప్పేవాళ్లకు గీత మీద, ఎడమ కుడి సమానం మీద, ఖాళీ జాగా మీద ఉన్న పట్టు చాలామంది ఆర్ట్ కాలేజీ కుర్రాళ్లకు ఉండదు. ముగ్గును విద్యగా లెక్కవేయకపోవడం మన ఇళ్లలో తరతరాలుగా సాగుతున్న అన్యాయం. డ్రాయింగ్ మాస్టార్లలో తెలివైనవాళ్లు కొత్తగా చేరిన గృహిణి చేతికి మొదటి రోజు పెన్సిలిచ్చి, రబ్బరు తీసి దాచేసి, ముగ్గు గీసినట్టే గీయమంటారు. ఆ గీతలో వణుకుండదు.

అసలు అడ్డంకి కంటి దగ్గరుంది. ఎదురుగా ఉన్న చెంబును వేయమంటే మనిషి దాన్ని చూడడు. చెంబు ఎలా ఉంటుందో తనకు తెలిసినదాన్ని వేస్తాడు. మూతి గుండ్రమని తెలుసు కాబట్టి గుండ్రంగా గీస్తాడు. కూర్చున్న చోటునుంచి చూస్తే అది నొక్కేసిన సున్నాలా, కోలగా కనబడుతోందని గమనించడు. బెటీ ఎడ్వర్డ్స్ అనే అమెరికన్ ఉపాధ్యాయురాలు 1979లో వెలువడిన 'డ్రాయింగ్ ఆన్ ది రైట్ సైడ్ ఆఫ్ ది బ్రెయిన్' అనే పుస్తకంలో దీనికి చక్కటి మందు చెప్పింది. పికాసో గీసిన సంగీతకారుడు స్ట్రావిన్‌స్కీ రేఖాచిత్రాన్ని తలకిందులుగా పెట్టి, అలాగే చూసి గీయమంది. తలకిందులైతే ఇది ముక్కు, ఇది చెయ్యి అని గుర్తుపట్టే వీల్లేక, కన్ను గీతను గీతగానే చూస్తుంది. గీశాక తిప్పి చూసుకున్నవాళ్లు తామే నమ్మలేకపోతారు. కుడి మెదడు, ఎడమ మెదడు అని ఆమె చేసిన విభజనను నాడీశాస్త్రవేత్తలు ఇప్పుడు అంత తేలిగ్గా ఒప్పుకోరు. అభ్యాసం మాత్రం పనిచేస్తుంది. తెలుగువాళ్లకు పికాసో కోసం వెతుక్కోవాల్సిన పనీ లేదు. పాత వారపత్రికలోని బాపు రేఖాచిత్రం ఒకటి తలకిందులుగా పెట్టి ఒక ఆదివారం మధ్యాహ్నం గీసి చూస్తే చాలు. తన చెయ్యి మీద తనకు నమ్మకం కలగడానికి ఇంతకంటే చౌకైన పాఠం దొరకదు.

సరే, ఎక్కడ చేరాలి? అమెరికాలో ఆర్థిక మాంద్యం రోజుల్లో, 1935లో ప్రభుత్వమే ఫెడరల్ ఆర్ట్ ప్రాజెక్ట్ పెట్టి, పనిలేని చిత్రకారులకు జీతాలిచ్చింది. దేశమంతటా వందకు పైగా సామాజిక కళాకేంద్రాలు నడిపి అక్కడ వాళ్లచేత పాఠాలు చెప్పించింది. న్యూయార్క్‌లో హార్లెం కేంద్రం 1937లో శిల్పి అగస్టా సావేజ్ నాయకత్వాన తెరుచుకుంది. షికాగోలో నల్లజాతివారి పేటలో 1940లో మొదలైన సౌత్ సైడ్ కమ్యూనిటీ ఆర్ట్ సెంటర్ ఇప్పటికీ నడుస్తోంది. ఆ సంప్రదాయం అక్కడి ఊళ్లలో నిలిచింది. టౌన్‌షిప్ లైబ్రరీలో, పార్కుల శాఖవారి భవనంలో, సీనియర్ సెంటర్‌లో వారానికో రోజు పెయింటింగ్ క్లాసు ఉండటం మామూలు విషయం. పిల్లల దగ్గరికి ఆరు నెలలకు వెళ్లి, పగలంతా నాలుగు గోడల మధ్య కూర్చునే తెలుగు అమ్మానాన్నలకు ఇది వరం లాంటిది. కారు లేకపోయినా నడిచి వెళ్లగలిగే దూరంలో లైబ్రరీ ఉందేమో కొడుకునో కోడలినో మొదటి వారంలోనే అడగాలి. ఇంగ్లిష్ తడబడుతుందన్న బెంగ అక్కర్లేదు. బొమ్మ వేసే బల్ల దగ్గర మాటలతో పని తక్కువ.

మన ఊళ్లలో అలాంటి కేంద్రాలు తక్కువే, కానీ బొత్తిగా లేకపోలేదు. రాజమండ్రిలో దామెర్ల రామారావు పేరిట ఉన్న చిత్రశాల అందుకు ముఖ్యమైన ఉదాహరణ. 1897లో పుట్టిన రామారావు, రాజమండ్రి కాలేజీ ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే ప్రోత్సాహంతో బొంబాయి జేజే స్కూల్లో చదివి, తిరిగి సొంత ఊరికే వచ్చి చిత్రకళాశాల పెట్టాడు. 1925లో మశూచి సోకి, 28 ఏళ్లు నిండకుండానే పోయాడు. మిత్రుడు వరదా వెంకటరత్నం లాంటివాళ్లు ఆ పనిని వదిలేయలేదు. భార్య సత్యవాణి, చెల్లెలు బుచ్చికృష్ణమ్మ కూడా బొమ్మలు వేసినవాళ్లే. అంటే వందేళ్ల కిందటే గోదావరి ఒడ్డున ఇంట్లో ఆడవాళ్లూ ఊళ్లో స్నేహితులూ కలిసి బొమ్మలు నేర్చుకున్న చోటు ఒకటుంది. హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్‌లోని జవహర్ బాలభవన్ పిల్లలది. పెద్దవాళ్లకు ఎక్కువగా దొరికేవి డ్రాయింగ్ మాస్టార్లు ఇళ్లలో నడిపే బ్యాచ్‌లు, అపార్ట్‌మెంట్ల క్లబ్‌హౌస్‌లో శని ఆదివారాల క్లాసులు. సర్టిఫికెట్ కావాలనుకునేవాళ్లకు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ టెక్నికల్ సర్టిఫికెట్ కోర్సు కింద డ్రాయింగ్ లోయర్, హయ్యర్ పరీక్షలున్నాయి. వాటికి తయారుచేసే మాస్టార్ల దగ్గర గీత, జ్యామితి, నీడలు పద్ధతిగా వస్తాయి. సరదాకు నేర్చుకునేవాళ్లు పరీక్ష రాయకపోయినా ఆ పునాది కోసం అక్కడ కొన్నాళ్లు కూర్చోవచ్చు.

క్లాసుకు డబ్బు కట్టకముందే ఒక రోజు వెళ్లి కూర్చుని చూడాలి. ముందు గోడలు చూడాలి. పదిమంది శిష్యుల బొమ్మలూ ఒకేలా ఉంటే, అదే బుద్ధుడు, అదే వినాయకుడు, అవే రెండు నెమళ్లు అయితే, అక్కడ ఫోన్‌లో చూసి దించడమే తప్ప వేయడం నేర్పడం లేదన్నమాట. ఆ తర్వాత మాస్టారి చెయ్యి చూడాలి. శిష్యుడి కాగితం మీద ఆయన తన కుంచెతో 'టచ్' ఇస్తుంటే అది మంచి గుర్తు కాదు. బొమ్మ బాగా వస్తుంది, వాట్సాప్ స్టేటస్‌లో పెడితే బంధువులు మెచ్చుకుంటారు, కానీ వేసినవాడికి మాత్రం అది తనది కాదని తెలుసు. ఆ తెలియడమే లోపల తొలుస్తుంది. మంచి మాస్టారు పక్కన వేరే కాగితం పెట్టుకుని దానిమీద చూపిస్తాడు. శిష్యుడి బొమ్మను శిష్యుడే దిద్దుకోనిస్తాడు. ఆయన స్వయంగా ఇప్పటికీ బొమ్మలు వేస్తున్నాడా అని అడగడంలోనూ తప్పులేదు. చివరగా, క్లాసు ముగిసే ముందు అందరి బొమ్మలూ ఒకచోట పెట్టి చూసే అలవాటుందా? ఈ ఒక్కటి ఉంటే మిగతా లోట్లు సర్దుకోవచ్చు. బ్యాచ్‌లో పదిహేనుకు మించి జనం ఉంటే అది సాగదు.

సామాన్ల దగ్గర ఉత్సాహం కాస్త తగ్గించుకోవాలి. అరవై రంగుల పెట్టె కొనడం కొత్తవాళ్లందరికీ కలిగే కోరిక. కానీ దాన్ని కొంటే కలపడం రాదు. పసుపు, ఎరుపు, నీలం, వీటికి తోడు బర్న్ట్ సియెన్నా అనే ఇటుకరంగు, తెలుపు చాలు. అల్ట్రామెరీన్ నీలంలో బర్న్ట్ సియెన్నా కలిపితే వచ్చే బూడిదరంగు చూసినవాళ్లు ఆ తర్వాత నల్లరంగు ట్యూబు జోలికి పెద్దగా పోరు. కుంచెలు మూడు చాలు: గుండ్రటివి ఆరో నంబరు, పదో నంబరు, బల్లపరుపుది ఒకటి. వాటర్ కలర్ వేయదలచుకుంటే డబ్బు పెట్టాల్సింది రంగుల మీద కాదు, కాగితం మీద. 300 జీఎస్ఎం కాగితం నీటికి వంకర్లు పోకుండా చాలావరకు నిలబడుతుంది. మామూలు డ్రాయింగ్ షీట్ మీద మూడోసారి కుంచె తగలగానే పొట్టు లేస్తుంది, ఆ తప్పు తమదే అనుకుని కొత్తవాళ్లు బెంగపడతారు.

ఏ రంగులతో మొదలుపెట్టాలన్నది గురువు ఇష్టాన్ని బట్టి ఉంటుంది. అయితే పెద్ద వయసులో మొదలుపెట్టేవాళ్లకు యాక్రిలిక్ అనుకూలం. తడిగా ఉన్నంతసేపు నీళ్లతో కడిగితే పోతుంది, వాసన తక్కువ, నచ్చకపోతే ఆరాక దానిమీదే మళ్లీ వేయొచ్చు. వాటర్ కలర్‌లో తెలుపంటే కాగితమే. దాన్ని ముందే వదిలిపెట్టుకోవాలి, లేతనుంచి ముదురుకు పోవాలి, వెనక్కి తిరగడం కష్టం. అందంగా ఉంటుంది కానీ క్షమించదు. ఆయిల్ నెమ్మదిగా ఆరుతుంది, టర్పెంటైన్ వాసన మూసిన గదిలో మంచిది కాదు. మే నెలలో ఫ్యాన్ కింద యాక్రిలిక్ వేసేవాళ్లు ఒక చిట్కా తెలుసుకోవాలి: పేలెట్ మీద తడిపిన టిష్యూ పరిచి, దానిపైన బటర్ పేపర్ వేసి, రంగులు అక్కడ పెట్టుకుంటే గంటసేపైనా గట్టిపడవు. వాడిన కుంచె నీళ్ల గ్లాసులో ఉండాలి, రంగు ఆరిందంటే అది ఇక చీపురు పుల్లే. క్లాసయ్యాక మాత్రం కడిగి పడుకోబెట్టాలి, గ్లాసులో తలకిందులుగా వదిలేస్తే మొన వంగిపోతుంది.

నాలుగో వారమో ఐదో వారమో ఒక నీరసం వస్తుంది. దాదాపు అందరికీ వస్తుంది. మొదటి వారం వేసిన మామిడిపండు ముద్దొచ్చింది, ఇప్పుడు వేసిన కూజా చూస్తే ఏడుపొస్తోంది. నిజానికి జరిగిందేమిటంటే, ఈ నెల రోజుల్లో కన్ను చేతికంటే ముందు నడిచింది. నెల కిందట కనబడని తప్పులు ఇప్పుడు కనబడుతున్నాయి. మానేసేవాళ్లలో ఎక్కువమంది ఇక్కడే మానేస్తారు, పైకి మాత్రం ఇంట్లో పనులనో మోకాళ్ల నొప్పులనో చెబుతారు. దీనికి విరుగుడు తేదీలు. వేసిన ప్రతి కాగితం వెనక తేదీ రాసి, ఒక్కటీ చింపకుండా దాచుకోవాలి. బెటీ ఎడ్వర్డ్స్ తన శిష్యులచేత కోర్సు మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి అద్దంలో చూసి తమ ముఖం తామే గీయించేది. రెండూ పక్కపక్కన పెడితే ఎవరికీ వాదించడానికి ఏమీ మిగలదు.

ఈ దశలో ఆషింగ్టన్ పాఠం మళ్లీ పనికొస్తుంది. స్విట్జర్లాండ్ మంచుకొండలు, ఎప్పుడూ చూడని ఓడరేవు వేస్తూ కూర్చుంటే తప్పెక్కడుందో వేసినవాళ్లకే తెలియదు. ముప్పై ఏళ్లు బ్యాంకు కౌంటర్‌లో కూర్చున్న మనిషికి అద్దం అవతలి ముఖాలు తెలుసు. గోదావరిఖనిలో గని దిగి రిటైరైనవాళ్లకు టోపీ దీపం వెలుగు రాతి మీద ఎలా పడుతుందో తెలుసు. వంటింట్లో బోర్లించిన స్టీలు గిన్నెల మీద కిటికీ వెలుగు ఎక్కడ తెల్లగా మెరుస్తుందో, ఎక్కడ నల్లగా తిరుగుతుందో రోజూ చూసే ఇల్లాలికి ఏ పుస్తకమూ చెప్పక్కర్లేదు. కళ్లు సగం మూసి చూస్తే చిన్నచిన్న వివరాలు పోయి వెలుగూ నీడా మాత్రమే మిగులుతాయి. ముందు వాటిని పట్టుకుంటే గిన్నె దానంతటది గుండ్రంగా లేస్తుంది.

ఒకరి బొమ్మ గురించి ఇంకొకరు మాట్లాడటం మన దగ్గర కష్టమైన పని. "చాలా బాగుందండీ" అంటారు, లేదా మొహమాటంతో ఊరుకుంటారు. రెండిటివల్లా ఉపయోగం లేదు. వరస ఒకటి పెట్టుకుంటే తేలికవుతుంది. ముందు తన కన్ను మొదట ఎక్కడ ఆగిందో చెప్పాలి. తర్వాత ఎటు పోయిందో చెప్పాలి. ఆపైన ఒక ప్రశ్న అడగాలి: ఈ గోడకు ఈ రంగే ఎందుకు వేశారు, ఈ మనిషి ఎటు చూస్తున్నాడు? బొమ్మ వేసినవారు అందరి మాటా అయ్యేదాకా వినాలి, మధ్యలో సంజాయిషీ ఇవ్వకూడదు. వయసులో పెద్దాయన బొమ్మ కదా అని తగ్గి మాట్లాడనక్కర్లేదు. "గారూ" అంటూనే నిజం చెప్పొచ్చు. ఇంట్లోవాళ్ల అభిప్రాయాన్ని మాత్రం మొదటి ఆరు నెలలు అడక్కపోవడమే మేలు. వాళ్లు చూసేది బొమ్మను కాదు, మనిషిని.

పది వారాలకో ఏడాదికో ఆ క్లాసు అయిపోతుంది. మాస్టారు ఊరు మారతాడు, క్లబ్‌హౌస్ గది పెళ్లిళ్లకు ఇచ్చేస్తారు. లయన్ కూడా 1942లో ఎడిన్‌బరో కళాశాలకు ప్రిన్సిపాల్‌గా వెళ్లిపోయాడు. ఆషింగ్టన్ వాళ్లు ఇంకో మాస్టారి కోసం ఎదురుచూడలేదు. తమకంటూ ఉన్న ఒక గుడిసెలో కలుసుకుంటూ, వేస్తూ, వేసినవి వాదించుకుంటూ 1980ల దాకా నడిపించారు. చందాలు వేసుకున్నారు, బొమ్మల్లో మంచివాటిని అందరివిగా దాచిపెట్టారు. తెలుగు ఊళ్లో నలుగురైదుగురు తోటివాళ్లు అదే పని చేయాలంటే కావాల్సినవి తక్కువ: వెలుతురున్న ఒక వరండా, వారంలో మారని ఒక రోజు, అంశం చెప్పే బాధ్యత వంతులవారీగా, నెలకు కొంత చందా, కాగితాలూ రంగులూ టోకున తెచ్చే ఒక మనిషి. ఆ మనిషెవరో క్లాసు ఇంకా నడుస్తుండగానే అనుకుని ఉంచుకోవాలి. క్లాసు ఆగిపోయాక ఫోన్లు చేసి పోగేయడం చాలా కష్టం.